డైరీలో మీరు రాసే ఆ ఒక్క లైను: ఒకటి, రెండు తరగతుల టీచర్లకు ఒక అమ్మమ్మ బహిరంగ లేఖ

ఒకటి, రెండు తరగతులకు పాఠాలు చెప్పే సార్లకు, మేడంలకు, వాళ్ళ చేతికి సిలబస్ షీట్లు ఇచ్చి క్లాసులోకి పంపే ప్రైవేటు బడుల యాజమాన్యాలకు,

నమస్కారం.

నేను మీ మనిషినే. సెకండరీ గ్రేడ్ టీచరుగా చేరి ముప్పై ఒక్క ఏళ్ళు ప్రైమరీ బడుల్లోనే పనిచేసి రిటైరయ్యాను. ఎక్కువ కాలం జగిత్యాల, కోరుట్ల చుట్టుపక్కల ఊళ్ళలోనే గడిచింది. ఇప్పుడు హైదరాబాదులో కూతురి దగ్గర ఉంటున్నాను. కూతురూ అల్లుడూ ఇద్దరూ ఉద్యోగాలకు పోతారు. ఒకటో తరగతి చదివే మనవరాలిని స్కూలు బస్సు దగ్గరికి వెళ్ళి తీసుకురావడం, నాలుగు ముద్దలు తినిపించడం, హోంవర్క్ చేయించడం నా వంతు. ఇన్నేళ్ళు హోంవర్క్ ఇచ్చిన చెయ్యి నాది. చేయించాల్సి రావడం మాత్రం ఇదే మొదలు. ఇంకా ఏడాది కాలేదు గానీ, ముప్పై ఏళ్ళలో తెలియనివి కొన్ని ఈ కొద్ది నెలల్లో తెలిశాయి.

మొన్న ఒక రోజు డైరీలో ఇలా ఉంది: "మ్యాథ్స్: రైట్ నంబర్ నేమ్స్ వన్ టు హండ్రెడ్, టూ టైమ్స్. ఇంగ్లీష్: లర్న్ స్పెల్లింగ్స్." వంద పేర్లు రెండుసార్లంటే రెండు వందల లైన్లు. ఆరేళ్ళ పిల్ల. రాత్రి ఎనిమిదింటికి మొదలుపెట్టాం.

అది ఎలా రాసిందో చెప్తాను. మీకు తెలియనిదేం కాదు, మన క్లాసుల్లో అందరూ చేసేదే. ముందు "ట్వంటీ" అని పై నుంచి కిందికి వరసగా తొమ్మిదిసార్లు రాసుకుంటూ పోయింది. ఆ తర్వాత మళ్ళీ పైకి వచ్చి పక్కన వన్, టూ, త్రీ అని నింపుకుంటూ దిగింది. తర్వాత "థర్టీ" తొమ్మిదిసార్లు. నోట్లో ఏదో కార్టూన్ పాట నడుస్తూనే ఉంది. కళ్ళు పేజీ మీద ఉన్నాయి గానీ మనసు ఎక్కడో ఉంది. మధ్యలో ఒక్కసారి మాత్రం ఏడ్చింది, ఫార్టీ దగ్గర. ఫోర్‌లో ఉన్న "యు" ఫార్టీలో ఎందుకు లేదో నేను చెప్పలేకపోయాను. తొమ్మిదీ చెరిపి తొమ్మిదీ మళ్ళీ రాసింది. మిగతా పేజీలన్నీ ముత్యాల్లా ఉన్నాయి. మర్నాడు స్టార్ కూడా వచ్చింది.

ఆ స్టార్ చూసుకుని మురిసిపోతున్నప్పుడే ఒక కాగితం ఇచ్చి "ఫోర్టీన్ వెయ్యమ్మా" అన్నాను. 41 వేసింది. పల్లీల డబ్బా ముందు పెట్టి "థర్టీన్ తియ్యి" అంటే ఇరవై దాటినా తీస్తూనే ఉంది. అది థర్టీ అనుకుంది. రెండు వందల లైన్లు రాసిన మర్నాటి ముచ్చట ఇది.

తప్పు పిల్లది కాదు. మీదని కూడా అనను. ఎందుకంటే "ఐదుసార్లు రాసుకు రండి" అన్న మాట నా నోట్లోంచి ఎన్ని వేలసార్లు వచ్చిందో నాకే తెలియదు. ఎందుకు ఇచ్చేదాన్నో కూడా తెలుసు. పై నుంచి ఎవరైనా వస్తే మొదట అడిగేది నోటుబుక్కులే. రాత ఉండాలి, దాని మీద ఎర్ర ఇంకు ఉండాలి. తల్లిదండ్రులు కూడా "మా పిల్లకు హోంవర్కే ఇస్తలేరు" అని గేటు దగ్గర నిలదీసేవాళ్ళు. ప్రైవేటు బడిలో ఆ ఒత్తిడి ఇంకో పది రెట్లు ఉంటుందని నాకు తెలుసు. నిండిన పేజీ అందరికీ కనిపిస్తుంది. పిల్ల బుర్రలో థర్టీన్, థర్టీ కలగాపులగం అయిపోయిన సంగతి ఎవరికీ కనపడదు.

ఇప్పుడు మీకు ఒక బీడీలు చుట్టే ఆవిడ గురించి చెప్పాలి.

చాలా ఏళ్ళ కిందటి మాట. మా బడిలో రెండో తరగతి పిల్ల ఒకతి లెక్కల్లో వెనకబడింది. తల్లిని పిలిపించి, "ఇంట్లో కూర్చోబెట్టి చెప్పించండమ్మా" అన్నాను. ఆవిడ తల దించుకుని, "నేనేం చెప్తా మేడం, నాకు అఆలే రావు" అంది. అప్పుడు నేను, సిగ్గుపడుతూ రాస్తున్నాను, "ట్యూషన్‌కన్నా పంపండి" అన్నాను.

ఆ ఎండాకాలం బడిబాట కోసం, అంటే పిల్లలను బడిలో చేర్పించమని చెప్పడానికి, ఇల్లిల్లూ తిరుగుతూ వాళ్ళ ఇంటికి కూడా వెళ్ళాం. గడప పక్కన ఒళ్ళో చాట పెట్టుకుని కూర్చుంది. తునికాకు కత్తిరించిన ముక్క తీయడం, తంబాకు పోయడం, చుట్టడం, దారం కట్టడం. మాతో మాట్లాడుతూనే ఉంది, చెయ్యి ఆగలేదు. ఇరవై ఐదు బీడీలకు ఒక కట్ట. పిల్ల పక్కన కూర్చుని తయారైన కట్టలు వరసగా పేరుస్తోంది. "ఎన్నైనయ్?" అని ఊరికే అడిగాను. తలెత్తకుండానే "ముప్పై రెండు కట్టలు మేడం. ఇంకో ఎనిమిదైతే వెయ్యైతయి" అంది. ముప్పై రెండు ఇరవై ఐదులు ఎనిమిది వందలు, ఇంకా రెండు వందలు కావాలి, అంటే ఎనిమిది కట్టలు. నేను మనసులో గుణించుకుని సరిచూసుకునేలోపు ఆవిడ ఇంకో బీడీ చుట్టేసింది.

అంతలో పిల్ల ఒక కట్టలో ఆరు బీడీలు బాగా రాలేదని ఏరి పక్కన పెట్టింది. తల్లి, బాగా లేనివి తిరగ్గొట్టే కార్ఖానా గుమాస్తాను తిట్టుకుంటూ ఇంకో కట్ట దారం విప్పి, అందులోంచి ఆరు తీసి ఇందులో కలిపి మళ్ళీ కట్టింది. విప్పిన కట్టలో మిగిలిన పంతొమ్మిదిని చాటలో ఒక మూలకు నెట్టింది. "ఇగ ముప్పై ఒకటే" అంది పిల్ల. లెక్కలు రావని నేను ట్యూషన్‌కు పంపమన్న పిల్ల!

బడులు తెరిచాక ఆ పిల్ల మూడో తరగతికి వచ్చింది, నేను అప్పు తెచ్చే తీసివేత చెప్తున్నాను. నలభై మూడులోంచి పదిహేడు. మూడులోంచి ఏడు పోదు, పక్కింటికి పోయి అప్పు తెస్తాం అని ఎప్పటి పాటే పాడాను. వెనక వరసలోంచి ఒకడు లేచి, "మేడం, తెచ్చిన అప్పు మళ్ళ ఎప్పుడిస్తం?" అన్నాడు. క్లాసంతా నవ్వింది, నేనూ నవ్వాను. కానీ నా దగ్గర జవాబు లేదు. ఎందుకంటే అక్కడ అప్పూ లేదు, పక్కిల్లూ లేదు. ఉన్నది ఒక కట్ట విప్పడం. ఆ రోజు చీపురు పుల్లలు తెప్పించి పదేసి చొప్పున రబ్బరు బ్యాండు వేయించాను. నాలుగు కట్టలు, మూడు విడి పుల్లలు. ఏడు విడివి కావాలంటే ఏం చేయాలి? "కట్ట ఇప్పాలె" అని మొదట అన్నది ఎవరో మీకు చెప్పక్కర్లేదు.

ఆ తల్లికి లెక్క నేర్పడం రాక కాదు. ఆవిడ చేసే లెక్కకు మా బడిలో చోటు లేక. నేను ఆవిడ ఇంటి నుంచి ఏమీ తెచ్చుకోలేదు, మా బడి పనే ఆవిడ ఇంటికి పంపించాను. అది ఆవిడకు రాదు కాబట్టి ఆ ఇంటికి చదువు రాదని తేల్చేశాను.

ఇది నా ఒక్కదాని అనుభవమే కాదు. 2025లో నేచర్ అనే సైన్సు పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో వాళ్ళ బృందం కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో కూరగాయలూ అవీ అమ్మే పిల్లలను పరిశీలించింది. ఇన్ని కిలోలు, ఇంత ధర, ఇంత చిల్లర అని నోటితో గబగబా లెక్క కట్టేసే ఆ పిల్లలు అలాంటి లెక్కే కాగితం మీద బడి లెక్కలా ఇస్తే తడబడ్డారు. పక్కనే బడిలో చదివే పిల్లలు కాగితం మీద బాగానే చేసి బజారు లెక్క దగ్గర ఆగిపోయారు. అంటే ఇంట్లో లెక్క వస్తే బడిలో దానంతట అదే వచ్చేయదు. ఆ రెండింటినీ ఎవరో ఒకరు కలపాలి. ఆ కలిపే పని తల్లిది కాదు, మనది. తల్లి పల్లీలు లెక్కపెట్టిస్తే చాలు. ఆ పల్లీలే మర్నాడు బోర్డు మీద అంకెలుగా మారాలంటే టీచరు కావాలి.

పరిస్థితి ఎలా ఉందో కూడా ఒక్క మాట. ఊళ్ళలో ఇంటింటికీ వెళ్ళి పిల్లల చదువు, లెక్కలు పరీక్షించే అసర్ సర్వే 2024 ప్రకారం గ్రామీణ భారతంలో మూడో తరగతి పిల్లల్లో రెండంకెల తీసివేత చేయగలిగినవాళ్ళు 33.7 శాతం. 2022లో 25.9 ఉండేది కాబట్టి పెరిగినట్టే. అయినా ముగ్గురిలో ఇద్దరికి ఆ కట్ట విప్పడం ఇంకా రాదు.

మళ్ళీ మా మనవరాలి 41 దగ్గరికి వస్తాను. నాకు ఆశ్చర్యం వేసిన సంగతి వేరే ఉంది. ఇంట్లో అందరం తెలుగే మాట్లాడతాం. కానీ ఆ పిల్లకు తెలుగులో పది దాటి లెక్క రాదు. "ముప్పై ఏడు తేవే" అంటే "అంటే ఎంత అమ్మమ్మా?" అంటుంది. మా అపార్ట్‌మెంటులో ఆ వయసు పిల్లలందరిదీ అదే వరస.

దానివల్ల ఏం పోయిందో చూడండి. ఇంగ్లీషులో ఫోర్టీన్ అన్నప్పుడు నాలుగు ముందు వినపడుతుంది, పది వెనక వస్తుంది. విన్న వరసలోనే వేస్తే 41 అవుతుంది. మా పిల్ల చేసింది అదే, చెవికి నిజాయితీగా ఉంది పాపం. థర్టీన్, థర్టీల మధ్య తేడా చివర ఒక చిన్న సాగదీత, ఒక నకారపు పొల్లు. అది మన చెవికి పట్టుబడేది కాదు. తెలుగులో పద్నాలుగంటే పది, నాలుగు. రాసే వరసలోనే పలుకుతాం. పదకొండు, పన్నెండు కాస్త మెలిక పడ్డా పదమూడు నుంచి ఏ అంకె చూసినా లోపల పది కూర్చునే ఉంటుంది. ఇరవై తర్వాత ఇక రాచబాటే: ఇరవై ఒకటి, ఇరవై రెండు. ముప్పైలో మూడు వినిపిస్తుంది, నలభైలో నాలుగు, అరవైలో ఆరు. హిందీ పిల్లలు వంద వరకూ దాదాపు ప్రతి అంకెకూ ఒక కొత్త పేరు గుర్తుపెట్టుకోవాలి. మన పిల్లలకు ఆ బాధ లేదు. పదులు, ఒకట్లు అని మనం ఫస్ట్ క్లాసులో నెలల తరబడి తంటాలు పడి చెప్పేది మన భాష ఉచితంగా చెప్పిపెడుతోంది. దాన్ని వద్దని గుమ్మం బయట పెట్టి, ఫోర్టీన్ దగ్గర పిల్లను కూర్చోబెట్టి ఏడిపిస్తున్నాం.

నేను చేసింది పెద్దదేం కాదు. పల్లీలు పదేసి చొప్పున చిన్న గిన్నెల్లో పోయించాను. ఒక గిన్నె, నాలుగు విడివి: "పది, నాలుగు, పద్నాలుగు." దాని పక్కన 14 వేయించాను. ఆ తర్వాత "దీన్నే మీ మేడం ఫోర్టీన్ అంటారు, ఇంగ్లీషు వాళ్ళు నాలుగును ముందు పలుకుతారు" అని చెప్పాను. "ఉల్టానా?" అని పకపక నవ్వింది. వారం తర్వాత 41 పోయింది. ఇంగ్లీషులో లెక్క చెప్పొద్దని నేను అనడం లేదు. ఇంగ్లీషు పేరు తగిలించడానికి ముందు ఒక అంకె అంటూ బుర్రలో ఉండాలి కదా.

ఇంకొకటి. వర్క్‌షీట్‌లో చెట్టు మీద ఐదు పిట్టలు, రెండు ఎగిరిపోతున్నాయి. కింద "హౌ మెనీ బర్డ్స్ ఆర్ లెఫ్ట్?" అని ఉంది. మా పిల్ల ఎడమ చేతి వైపు ఉన్న పిట్టలకు సున్నా చుట్టింది. లెఫ్ట్ అంటే ఎడమ అని వాళ్ళ డ్రిల్లు సారు నేర్పారు మరి! "ఎన్ని మిగిలాయే?" అని అడిగితే లెక్కపెట్టకుండానే "మూడు" అంది. ఆ షీటు మీద ఎర్ర ఇంకుతో ఇంటూ గుర్తు ఉంది. అది లెక్కలకు పడ్డ ఇంటూ కాదు, ఆ తేడా ఇంటూ పెట్టిన చేతికి తెలిసి ఉండాల్సింది.

ఇక ఇంగ్లీషు సంగతి. యాజమాన్యాల వాళ్ళు ఈ భాగం కాస్త ఓపిగ్గా చదవండి.

పేరెంట్స్ మీటింగులో ప్రతిసారీ ఒక మాట చెప్తారు: "ఇంట్లో కూడా ఇంగ్లీషులోనే మాట్లాడండి, అప్పుడే ఫ్లుయెన్సీ వస్తుంది." మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ భార్య కొడుకు యూకేజీ. ఆవిడ ఇంటర్ వరకు తెలుగు మీడియం చదివింది. స్కూలు మాట వేదవాక్కుగా తీసుకుంది. ఇప్పుడు ఆవిడ కొడుకుతో మాట్లాడే మాటలు: కమ్. సిట్. ఈట్. ఫాస్ట్. డోంట్ టచ్. స్లీప్. అన్నీ ఆర్డర్లే. పోలీసు డ్యూటీలో ఉన్నట్టు ఉంటుంది వినడానికి. ఆవిడకు వచ్చిన ఇంగ్లీషు అంత, పాపం దాంట్లోనే బిడ్డను పెంచుతోంది.

ఒక రోజు కరెంటు పోయింది. అందరం కింద మెట్ల మీద కూర్చున్నాం. చీకట్లో ఆవిడకు స్కూలు గుర్తు రాలేదేమో, తన చిన్నప్పుడు ఊళ్ళో ఒక కోతి చేతిలోంచి మక్కజొన్న కంకి లాక్కుని బడి గోడ ఎక్కి కూర్చున్న కథ తెలుగులో చెప్పింది. కోతి ఎలా ఒలుచుకుందో చేతులు తిప్పి చూపించింది. వాడు అడుగుతూనే ఉన్నాడు: నీ కంకే ఎందుకు గుంజుకున్నది? నువ్వు ఏడ్చినవా? గోడ ఎక్కకపోతే ఏమయ్యేది? మళ్ళ ఇచ్చిందా? పావుగంట. "ఎందుకు", "అయితే", "లేకపోతే" అన్నీ వచ్చేశాయి. లోకంలో ఏ భాష పుస్తకం చదవాలన్నా కావాల్సింది ఆ మూడు మాటలే. అవి "కమ్, సిట్"లలో పుట్టవు. కరెంటు వచ్చింది. "కమ్, కమ్" అంటూ వాణ్ణి లోపలికి తీసుకుపోయింది.

2020 జాతీయ విద్యా విధానం కూడా వీలున్నంతవరకు కనీసం ఐదో తరగతి దాకా ఇంటి భాషలో బోధించమంది. దాని మీద వాదనలు చాలా ఉన్నాయి, ఇంగ్లీషు మీడియం ఆగదు, ఆపాలని నేనూ అనను. తెలంగాణ సర్కారు బడుల్లో 2022-23 నుంచి ఇంగ్లీషు మీడియం పెట్టినప్పుడు ఒక మంచి పని చేశారు: పాఠ్యపుస్తకం ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు. ఆంధ్రలోనూ అలాంటి పుస్తకాలు వచ్చాయి. తెలుగు పేజీ చదవగలిగిన తల్లి ఎదురు పేజీలో ఏముందో తెలుసుకుంటుంది. ప్రైవేటు బడి పుస్తకాల్లో ఆ కిటికీ కూడా లేదు. వేలకు వేలు పోసి కొన్న పుస్తకం ఇంట్లోకి వస్తుంది, దాంట్లో ఏముందో కొన్నవాళ్ళకు తెలియదు.

ఇంగ్లీషు రాని తల్లి ఇంగ్లీషుకు ఏం సాయం చేయగలదు అంటారా? వినగలదు. పిల్ల చదువుతుంటే పక్కన కూర్చుని, బొమ్మ చూసి, "ఇక్కడ ఏమైంది? తర్వాత?" అని తెలుగులో అడగగలదు. చెప్పగలిగిందంటే పిల్లకు అర్థమైనట్టు. చెప్పలేకపోతే ఎంత గడగడ చదివినా అది చదువు కాదు, ఎక్కం అప్పజెప్పడం. ప్రథమ్ బుక్స్ వాళ్ళ స్టోరీవీవర్ అనే వెబ్‌సైటులో బొమ్మల కథలు తెలుగులోనూ ఇంగ్లీషులోనూ ఉచితంగా దొరుకుతాయి. ఒకే కథ ముందు తెలుగులో తల్లి చదివి, తర్వాత ఇంగ్లీషులో పిల్ల చదివితే ఆ ఇంట్లో ఎవరూ చిన్నబోరు.

అక్షరాల దగ్గర కూడా మన ఇళ్ళకు ఒక బలం ఉంది. తెలుగు పిల్లకు "క" పేరూ క, పలుకూ క. ఆ నమ్మకంతో సి-ఏ-టి చదివితే "సియేటి" కావాలి, "క్యాట్" అని ఎందుకు అనాలో దానికి తెలియదు. బట్టీ పట్టేస్తుంది. మా మనవరాలు వ్యాన్ అని రాయడానికి వై వేసింది. వై పేరులో వకారం ఉంది కదా, మరి పని మాత్రం యకారం పని చేస్తుంది. డబ్ల్యూ సంగతి సరేసరి, దాని పేరులో డకారం తప్ప వకారం చెవికి తగలదు. కాబట్టి "ఈ అక్షరం పేరు ఇది, పలుకు ఇది" అని రెండూ విడదీసి చెప్పండి, పలుకును తెలుగు అక్షరంతో చెప్పినా ఏ దోషమూ లేదు. క్లాసులో మీరు విడదీస్తే ఇంట్లో ఉప్పు ప్యాకెట్, బిస్కెట్ ప్యాకెట్, పాల ప్యాకెట్ మీద ఆ అక్షరాన్ని వెతికించడం ఏ తల్లికైనా వస్తుంది. వంటింట్లో ఇంగ్లీషు అక్షరాలకు కరువేమీ లేదు, చదివేవాళ్ళే లేరు. బుక్కు, పెన్ను, బస్సు అని పిల్లలు చివర ఒక ఉకారం తగిలిస్తే కూడా నవ్వకండి. అది మెల్లగా సర్దుకుంటుంది, నవ్వితే పడ్డ భయం సర్దుకోదు.

అయితే డైరీలో ఏం రాయాలి? నా మనవి చిన్నది. ఒకటి, రెండు తరగతులకు రాతపని ఇంటికి పంపకండి. ఇది నా సొంత కోరిక కాదు, కేంద్రం 2020లో ఇచ్చిన స్కూల్ బ్యాగ్ పాలసీలోనే రెండో తరగతి వరకు హోంవర్క్ వద్దని ఉంది. మూడు నుంచి ఐదు వరకు వారం మొత్తానికి రెండు గంటలు మించొద్దని ఉంది. వారానికి! మా పిల్లకు అది ఒక్క రాత్రి సరుకు.

దాని బదులు, ఫీజు గుర్తు చేయడానికి ఎలాగూ వాట్సాప్ గ్రూపు ఉంది కదా, అందులో సాయంత్రం ఒక నిమిషం వాయిస్ మెసేజ్ పెట్టండి. తెలుగులో, మీ గొంతుతో. చదవడం రాని తల్లికి కూడా అందుతుంది. "ఈ రోజు అన్నాలప్పుడు కంచాలు పిల్లచేత పెట్టించండి. ఒకరు రాకపోతే ఎన్ని తీయాలో అడగండి. తప్పు చెప్తే తిట్టకండి, ఎట్లా చెప్పావని అడగండి." ఇంతే. ఇంకో రోజు పావుకిలో, అరకిలో. ఇంకో రోజు అష్టాచెమ్మా, నాలుగు గవ్వలూ వెల్లకిలా పడితే నాలుగు, బోర్లా పడితే ఎనిమిది, తన కాయను తనే లెక్కపెట్టి జరుపుకోవాలి. ఫోన్లో టీచరు గొంతు వట్టిపోదు. కరోనాలో బడులు మూసినప్పుడు బోట్స్వానా దేశంలో వారానికో మెసేజ్ పంపి, ఒక ఫోన్ చేసి ఓ ఇరవై నిమిషాలు మాట్లాడితే పిల్లల లెక్కలు మెరుగుపడ్డట్టు పరీక్ష చేసి మరీ తేల్చారు.

మర్నాడు ప్రార్థన అయ్యాక ఐదు నిమిషాలు "నిన్న మీ ఇంట్లో ఎన్ని కంచాలు?" అని అడిగి ఆ అంకెలు బోర్డు మీదికి ఎక్కించండి. ఆ ఐదు నిమిషాలే అసలు పని, అది లేకపోతే మెసేజ్ వృథా. చేసి రాని పిల్లను మాత్రం నిలబెట్టకండి. కొన్ని ఇళ్ళకు అమ్మ రాత్రి తొమ్మిదికి వస్తుంది, కొన్ని ఇళ్ళలో కంచాలు పెట్టే పరిస్థితే ఉండదు. వాళ్ళకు మీ క్లాసులో పల్లీలు ఉంచండి.

పై నుంచి నోటుబుక్కులు అడుగుతారు కదా అంటారు, అడుగుతారు. అందుకే ఈ ఉత్తరం యాజమాన్యాలకూ రాస్తున్నాను. నిండిన పేజీలు చూసి టీచర్లకు మార్కులు వేయడం మానేసి, ఒక్క పిల్లను పిలిచి "పదమూడు పుల్లలు తీయమ్మా" అని అడిగి చూడండి. రెండు నిమిషాలు పట్టదు.

నిన్న రాత్రి మళ్ళీ అదే లైను వచ్చింది, ఈసారి "బ్యాక్‌వర్డ్స్, హండ్రెడ్ టు వన్". రాయించలేదు. మా పిల్ల డబ్బాలో పల్లీలన్నీ పదేసి గిన్నెల్లో పోసింది, ఎనిమిది గిన్నెలు నిండి ఆరు మిగిలాయి. రెండు తిన్నాక ఎనభై నాలుగు అని తనే చెప్పింది. డైరీలో మీ లైను కింద అదే తెలుగులో రాసి నా సంతకం పెట్టి పంపాను. ఈ సాయంత్రం డైరీ తిరిగి వచ్చింది. జవాబేమీ లేదు, నా రాత పక్కన ఒక ఎర్ర టిక్కు మాత్రం ఉంది. అది చూశాను అనా, బాగుంది అనా, నాకు అర్థం కాలేదు.

శనివారం పేరెంట్స్ మీటింగ్ ఉంది కదా మేడం. వస్తాను. పల్లీల డబ్బా కూడా తెస్తాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ప్రైమరీ టీచరు,
మీ ఒకటో తరగతి పిల్లల్లో ఒకరి అమ్మమ్మ